దిష్టిచుక్క

పసిబిడ్డకు తలంటి నీళ్లు పోయడం తెలుగు ఇళ్లలో ఒక చిన్న పండుగ. నువ్వుల నూనె మర్దించి, సున్నిపిండితో ఒళ్లు నలిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, సాంబ్రాణి ధూపం పట్టి, కళ్లకు కాటుక దిద్ది, ఉతికిన చొక్కా తొడుగుతారు. అంతా ముగిశాక తల్లి బిడ్డను చేతులు చాచి ఎత్తి పట్టుకొని ఒక్క క్షణం తృప్తిగా చూసుకుంటుంది. ఆ వెంటనే వేలికొసతో కాటుక తీసి బుగ్గన ఒక నల్లని చుక్క పెడుతుంది. అరికాలిలో మరొక చుక్క పెడుతుంది.

ఆలోచిస్తే ఈ పనిలో ఒక వింత ఉంది. అంతసేపూ బిడ్డను ముస్తాబు చేసింది నలుగురూ చూసి మురవాలని. చుక్క పెట్టింది ఆ నలుగురి చూపూ బిడ్డకు తగలకూడదని. చూడాలని కోరుకున్నదీ, చూపుకు జంకినదీ ఒకే తల్లి మనసు. దిష్టి తగులుతుందన్న నమ్మకం ఉన్నవారైనా, లేనివారైనా ఈ చుక్క వెనుక ఉన్న అనుభవాన్ని కాదనలేరు. ఇతరుల చూపు మనిషికి కావాలి. ఆ చూపుకు ఒక హద్దూ కావాలి.

తమను ఎవరైనా గమనించాలన్న కోరిక మనిషికి పుట్టుకతోనే వస్తుంది. అయినా ఆ కోరికను గురించి లోకం మాట్లాడే తీరు చిత్రంగా ఉంటుంది. “నన్ను చూడండి” అని మూడేళ్లవాడు గంతులు వేస్తే ముద్దు. అదే మాటను పదహారేళ్లవాడి నడకలోనో, దుస్తులలోనో కనిపెడితే వెక్కిరింత. అరవై దాటినవాడి మాటల్లో ఆ ధ్వని వినిపిస్తే జాలి. మూడు వయసుల్లోనూ ఉన్న కోరిక ఒక్కటే. మారింది లోకం దానికి పెట్టిన పేరు మాత్రమే. “నలుగురి కళ్లలో పడాలని తాపత్రయం” అన్నమాట మన వాడుకలో ఎత్తిపొడుపే కాని మెచ్చుకోలు కాదు. అందువల్ల ఎదిగే పిల్లలు ఆకలిని ఒప్పుకున్నంత సులభంగా ఈ కోరికను ఒప్పుకోలేరు. లోపల దాచుకుంటారు. దాచుకున్నది మాయమైపోదు. మరొక రూపంలో బయటపడుతుంది.

అట్లా బయటపడిన ఒక సందర్భాన్ని పరిశీలించవచ్చు. కృష్ణాతీరపు పల్లెటూరిలో పదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి పట్టణంలోని కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరింది. వసతిగృహంలో ఉండి చదువుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో నాలుగైదు అరుగులు దాటవలసి వచ్చేది. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు కూర్చొని ఉండేవారు. “జడ ఎవరు వేశారే?” అని ఒకరు, “లెక్కల పరీక్ష ఎట్లా రాశావు?” అని మరొకరు అడిగేవారు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నలు ఆమెకు విసుగు పుట్టించేవి. ఒక్కొక్కసారి తప్పించుకోవడానికి చెరువుగట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది.

పట్టణంలో తప్పించుకోవలసిన అవసరమే రాలేదు. తరగతిలో ఎనభై మంది. హాజరు అంకెల మీద పిలుస్తారు. భోజనశాల వరుసలో పళ్లెం చాపితే అన్నం పడుతుంది. వడ్డించేవారు తల ఎత్తరు. మొదటి పదిహేను రోజుల్లో తన పేరు బయటి మనిషి నోట ఎన్నిసార్లు విన్నదో ఆమె వేళ్ల మీద లెక్కపెట్టగలిగేది. మూడో వారం నుంచి సాయంత్రం చదువు వేళకు తలనొప్పి మొదలయ్యేది. కంటి వైద్యుడు చూసి దోషమేమీ లేదన్నాడు. మాత్రలు వేసుకున్నా తగ్గలేదు. అయితే ఒక సంగతి ఆ పిల్లే కనిపెట్టింది. పక్క మంచం అమ్మాయి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి “ఎట్లా ఉంది?” అని అడిగిన రోజున నొప్పి సగం తగ్గుతుంది.

ఈ సంగతి తెలిసిన క్షణాన ఆమెకు కలిగింది ఊరట కాదు, సిగ్గు. ‘నేను నాటకమాడుతున్నానా?’ అని తనను తాను నిలదీసుకుంది. ఆమె నాటకమాడడం లేదు. నొప్పి నిజమైనదే. కాని ‘నన్ను పలకరించండి’ అని నోటితో అడగలేని మనసు ఆ మాటను తలనొప్పి చేత చెప్పించింది. ఇటువంటి రహస్యాన్ని ఆ వయసు పిల్లలు ఎవరితోనూ చెప్పుకోరు. చెప్పుకుంటే చులకన అవుతామని భయం. ఆమె కూడా ఇంటికి ఫోను చేసినప్పుడు అంతా బాగుందనే చెప్పింది.

ఆ సిగ్గుకు అసలు ఆధారం ఉన్నదా అని విచారించాలంటే మళ్లీ పసివాడి దగ్గరకే వెళ్లాలి. ఏడాది వయసు వచ్చేసరికి బిడ్డ వేలు చాపి వస్తువులను చూపడం నేర్చుకుంటాడు. ఆ చూపడంలో రెండు రకాలున్నాయి. గిన్నెలోని అరటిపండును చూపితే అది కావాలని అర్థం. చెట్టు మీది కాకిని చూపితే కాకి కావాలని కాదు. తాను చూసిన దానిని తల్లి కూడా చూడాలని అర్థం. అందుకే వేలు చాపిన వెంటనే బిడ్డ తల తిప్పి, తల్లి చూసిందో లేదో ఆమె ముఖంలో వెతుకుతాడు. మాటలు రాకముందే మనిషి అడిగే కోరికల్లో ఇది ఒకటి.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల దశకంలో ఈ విషయమై ఒక ప్రయోగం చేశాడు. తల్లి కొంతసేపు బిడ్డతో నవ్వుతూ ఆడుతుంది. తరువాత ఎదురుగానే కూర్చొని, కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బొమ్మలాగా ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వుతాడు. ఫలితం లేకపోతే చేతులు ఊపుతాడు, కేకలు పెడతాడు. ఇంతకుముందు తల్లిని నవ్వించిన ఉపాయాలన్నీ ఒకదాని తరువాత ఒకటి వాడి చూస్తాడు. చివరికి ముఖం పక్కకు తిప్పుకొని ఏడుస్తాడు. అక్కడ ఆ బిడ్డకు పాలు కొరత కాలేదు. దెబ్బ తగలలేదు. తల్లి కనుచూపు దూరంలోనే ఉంది. కరువైనదల్లా ఆమె ప్రతిస్పందన. అది లేకపోవడాన్ని ఆ చిన్న ప్రాణం భరించలేకపోయింది. ఇటువంటి అవసరాన్ని చెడ్డ అలవాటు అనడం ఎంతవరకు న్యాయం?

మన పురాణ వాఙ్మయం ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానం చెప్పింది. పోతన ఆంధ్రీకరించిన భాగవతంలో చతుర్థ స్కంధంలో ధ్రువోపాఖ్యానం ఉంది. దానిని భక్తికథగా అందరూ చదువుతారు. అది భక్తికథే. కాని ఆ కథ మొదలైనది భక్తితో కాదు. తమ్ముడు ఉత్తముడు తండ్రి ఒడిలో కూర్చొని ఉండగా చూసి, తానూ ఆ ఒడిలోకి ఎక్కాలనుకున్న ఐదేళ్ల పిల్లవాడి ఆశతో మొదలైంది. సవతి తల్లి సురుచి, తన కడుపున పుట్టనివాడికి ఆ భాగ్యం లేదని నిష్ఠూరమాడింది. ఉత్తానపాద మహారాజు ఆ మాట విని మిన్నకున్నాడు. బాలుడి మనసును సురుచి మాట ఎంత గాయపరచిందో తండ్రి మౌనమూ అంతే గాయపరచింది.

ఆ తరువాత ఆ పిల్లవాడిని ఇద్దరు పెద్దలు ఓదార్చారు. తల్లి సునీతి కన్నీరు పెట్టుకుంది కాని, ‘ఒడి కోసం ఇంత ఏడుపా?’ అని కసరలేదు. ఆ కోరిక తీర్చగలవాడు శ్రీహరి అని చెప్పి దారి చూపింది. అడవికి పోతున్న బాలుడికి నారదుడు ఎదురై, చిన్నపిల్లలకు మానమేమిటి, అవమానమేమిటి అని మొదట నచ్చచెప్పబోయాడు. ధ్రువుడు తన మనసును దాచలేదు. పినతల్లి మాటలు తూట్లు పొడిచిన గుండెలో ఆ శాంతివచనాలు నిలవడం లేదని ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. నారదుడు కోపగించలేదు. ఆ నిజాయతీకి సంతోషించి మంత్రోపదేశం చేసి, యమునాతీరంలోని మధువనానికి పంపాడు.

శ్రీహరి సాక్షాత్కారం తరువాత, తాను కోరుకున్నది ఎంత చిన్నదో గ్రహించి ధ్రువుడే చింతించాడు. నిజమే. కాని ఆ చిన్న కోరిక లేకపోతే అతడు ఇల్లు కదిలేవాడే కాదు. తిరిగి వచ్చినప్పుడు తండ్రి పురం వెలుపలికి ఎదురువచ్చి కౌగిలించుకున్నాడు. పాదాలకు మొక్కిన బాలుణ్ణి సురుచి కూడా లేవనెత్తి దీవించింది. కథకుడు ఆ కౌగిలిని మరచిపోలేదు. ధ్రువపదం దక్కబోయే వాడికి ఒక కౌగిలి ఎందుకని వదిలివేయలేదు. పిల్లవాడు మొదట అడిగినది పిల్లవాడికి అందించిన తరువాతనే కథను ముందుకు నడిపించాడు.

పట్టణంలోని ఆ అమ్మాయికి కూడా ఒక పెద్ద దిక్కు దొరికింది. ఒక ఆదివారం ఆమె తాతగారు సున్నుండల డబ్బా పట్టుకొని వసతిగృహానికి వచ్చారు. ఆయన యౌవనంలో తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాల’లో శ్రీకృష్ణ పాత్ర ధరించి చుట్టుపక్కల ఊళ్లలో పేరు పొందినవారు. ఇద్దరూ ఆవరణలో వేపచెట్టు కింద కూర్చున్నారు.

“తలనొప్పి ఎట్లా ఉందమ్మా?”

“ఇప్పుడు లేదు తాతయ్యా.”

“ఎప్పుడు తగ్గింది?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “నువ్వొచ్చాక,” అన్నది.

తాత నవ్వలేదు. “ఇక్కడ నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరా తల్లీ?” అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నతో అన్నాళ్లుగా బిగబట్టినదంతా బయటికి వచ్చింది. ఏడుపు ఆగిన తరువాత, “నన్నెవరైనా పలకరించాలని ఉంటుంది తాతయ్యా. అది తప్పు కదూ? చిన్నపిల్లనా నేను?” అన్నది.

“నాకు ముప్పై ఏళ్లు దాటాక ముచ్చట చెబుతా విను,” అన్నారాయన. “రాయబారం సీను అయ్యేటప్పటికి తెల్లవారేది. ఊరంతా బాగా పాడావనేవాళ్లు. ఇంటికొచ్చి మీ నాయనమ్మను లేపి, ఎట్లా ఉందే అని అడిగేవాణ్ణి. ఆవిడ చెప్పేదాకా నిద్రపట్టేది కాదు.”

“నాయనమ్మ బాగుందనేదా?”

“ఎక్కడ! ‘నాలుగో పద్యంలో గొంతు జీరపోయింది’ అనేది. అంటే నాలుగు పద్యాలూ శ్రద్ధగా విన్నదన్నమాటే కదా! అది చాలు, హాయిగా పడుకునేవాణ్ణి.”

ఈ ముచ్చటలో ఒక సూక్ష్మమైన విషయం ఉంది. మనిషి కోరుకునే గుర్తింపు వేరు, పొగడ్త వేరు. ఊరివారి పొగడ్త ఆ నటుడికి అందింది. అయినా ఆకలి తీరలేదు. భార్య చెప్పిన తప్పుతో తీరింది. ఎందుకంటే ఆ తప్పును పట్టుకోవాలంటే చివరిదాకా మేలుకొని వినాలి. పొగడడానికి వినవలసిన అవసరం లేదు. తమను సంపూర్ణంగా గమనించే ఒక్కరి చూపు, పైపైన మెచ్చుకునే వందమంది మాటకన్నా మనిషికి ఎక్కువ బలాన్నిస్తుంది.

అల్లసాని పెద్దన పేరుతో ప్రచారంలో ఉన్న ఒక చాటుపద్యం ఈ భేదాన్ని చక్కగా చూపిస్తుంది. 1529లో శ్రీకృష్ణదేవరాయలు మరణించిన తరువాత, ఆయనను తలచుకొని పెద్దన దుఃఖిస్తూ చెప్పిన పద్యమది. రాయలు తనకు చేసిన గౌరవాలను కవి అందులో వరుసగా చెప్పుకున్నాడు. అగ్రహారాలు ఇచ్చిన సంగతి తరువాతి పాదాల్లో వస్తుంది. తన పల్లకిని రాజు స్వయంగా పట్టి ఎత్తిన సంగతి రెండో పాదంలో ఉంది. అన్నిటికన్నా ముందు చెప్పినది, దారిలో ఎదురైతే రాజు తన ఏనుగును నిలిపి, చెయ్యి అందించి పైకి ఎక్కించుకున్న సంగతి. ఆంధ్ర కవితా పితామహుడికి కూడా పోయినవాడిని తలచుకున్నప్పుడు మొదట గుర్తుకువచ్చినది భూమి కాదు, ఆగిన ఏనుగు. తన కోసం ఒకరు ఆగడం. అందులో చిన్నతనం ఉన్నదని ఏ రసజ్ఞుడూ అనలేదు.

ఆ తాతగారు పద్యాలు పాడిన నాటకాన్ని రాసిన జంటకవులు మరింత నిర్మొహమాటం గలవారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి మీసాలు పెంచారు. పండితులు మీసం పెంచడాన్ని దోషంగా ఎంచిన రోజులవి. సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ తాము కవులమన్నదానికి గుర్తుగా వాటిని పెంచామనీ, తమను గెలిచినవారుంటే మీసాలు తీసి మొక్కుతామనీ వారు పద్యంలోనే చాటారు. ‘మమ్మల్ని చూడండి’ అని ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం సాధ్యం కాదు. అయితే వారు చూపును అడిగి ఊరుకోలేదు. ఆ చూపుకు బదులు ఇచ్చే విద్యను చేతిలో పెట్టుకొని అడిగారు.

ఆ విద్య పేరే అవధానం. మనసును ఒకచోట నిలపడమని ఆ మాటకు అర్థం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను చెడగొట్టాలని చూస్తారు. అవధాని ఒక్కొక్కరి వైపు తిరిగి, వారి ప్రశ్నను విని, ఎవరినీ మరవకుండా చివరికి అన్నిటినీ ధారణ చేసి అప్పగిస్తాడు. సభ అంతా అవధానిని చూస్తుంది. నిజమే. కాని సభలో అందరికన్నా ఎక్కువగా ఇతరులను గమనించినవాడు అవధానియే. చూపును పొందడమూ, చూపును ఇవ్వడమూ ఒకే విద్యలోని రెండు భాగాలని ఆ ప్రక్రియ నేర్పుతుంది.

ఈ కోరికను ఒప్పుకోనప్పుడు ఏమి జరుగుతుందో మన సామెత ఒకటి చెబుతుంది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందట. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందట. ఈ సామెతను డంబాలు పలికేవారిని దెప్పడానికి వాడతారు. కాని విస్తరి ఎగరడానికి కారణమేమిటి? దానిలో వడ్డన జరగలేదు. వడ్డించకుండా వదిలివేసి, గాలికి ఎగిరిందని ఆకును తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. తరగతిలో అల్లరి చేసి అందరినీ నవ్వించేవాడు, రద్దీ రోడ్డు మీద మోటారుసైకిలు చక్రం గాలిలోకి లేపేవాడు, ప్రతి మాటకూ కోపం తెచ్చుకొని అలిగేవాడు, సెల్‌ఫోన్‌లో ఛాయాచిత్రం పెట్టి గంటకు పదిసార్లు ఎందరు మెచ్చారో లెక్కచూసుకునేవాడు, అదే పనిగా జబ్బుల గురించి చెప్పే పెద్దవారు, వీరందరూ ఒకే పంక్తిలో వడ్డనకు నోచుకోని విస్తళ్లు. వారి ప్రవర్తన అంతా మంచిదని దీని అర్థం కాదు. రోడ్డు మీద విన్యాసం ప్రాణాలు తీస్తుంది. దానిని ఆపవలసిందే. కాని ఆపిన తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది. ‘ఇతణ్ణి మామూలుగా ఉన్నప్పుడు ఎవరైనా చూశారా?’

కొందరికి ఈ వడ్డన కావాలనే నిరాకరించిన చరిత్ర కూడా మన సమాజానికి ఉంది. వెనుకటి కట్టుబాట్లలో వెలివేయడం పెద్ద శిక్ష. వెలి పడినవాడితో ఎవరూ మాట్లాడరు, నిప్పు ఇవ్వరు, శుభకార్యానికి పిలవరు. ఒక మనిషికి తప్పు చేశాడని వేసే ఆ శిక్షను, ఏ తప్పూ లేకుండా కొన్ని కులాలకు తరతరాలుగా వేశారు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’ కావ్యంలో గుర్రం జాషువ ఈ దుఃఖాన్నే చిత్రించాడు. అందులోని నాయకుడికి తన గోడు వినే మనిషి లేడు. గుడిలోకి వెళ్లి దేవుడితో చెప్పుకుందామంటే ప్రవేశం లేదు. గుడి చూరులో వేలాడే గబ్బిలానికి ఆ అడ్డు లేదు గనుక, దాని చేత శివుడికి కబురు పంపాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపింది ప్రియురాలి విరహం వల్ల. జాషువ నాయకుడు గబ్బిలాన్ని పంపింది వినే మనిషి కరువై. మనిషిని మనిషి చూడకపోవడం ఎంతటి అన్యాయమో ఆ కావ్యం చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చూపు కోసం పడే తపన చిల్లరదైతే, చూపును నిరాకరించడం ఇంత పెద్ద నేరం కాగలిగేది కాదు.

అయితే కోరికను ఒప్పుకోవడమంటే దానికి పగ్గాలు వదిలివేయడం కాదు. ఈ సందేహం వేపచెట్టు కింద కూర్చున్న మనవరాలికి కూడా వచ్చింది.

“జనం వన్స్ మోర్ అంటే మళ్లీ పాడేవాడివా తాతయ్యా?”

“పాడేవాణ్ణి. అడిగితే పాడకపోవటం కూడా అహంకారమే గదా! అయితే ఒక్కసారే. మూడోసారి ఎత్తుకుంటే రాయబారం ఆగిపోతుంది. కౌరవసభలో దుర్యోధనుడి వేషగాడు, భీష్ముడి వేషగాడు అంతా అట్లాగే కూర్చొని ఉండాలి పాపం. వాళ్లకూ పద్యాలున్నాయి కదమ్మా!”

“నువ్వు పాడేటప్పుడు వాళ్లేం చేసేవాళ్లు?”

“అదీ అడగవలసిన మాట. దుర్యోధనుడు నా వంకే కోపంగా చూస్తూ ఉండేవాడు. ఆయన చూపు తిప్పితే జనం చూపూ తిరిగిపోతుంది. నా పద్యానికి పడ్డ చప్పట్లలో సగం ఆయనవే. ఆయన పద్యం పాడేటప్పుడు నేనూ అంత శ్రద్ధగానూ చూసేవాణ్ణి.” ఆయన లేచి పైపంచె దులుపుకున్నారు. “అడగందే అమ్మైనా పెట్టదంటారు తల్లీ. పలకరింపు కావాలంటే తలనొప్పి చేత అడిగించకు. నోటితోనే అడుగు. ఆ పక్క మంచం పిల్లను ముందు నువ్వే పలకరించు.”

ఆయన చెప్పినది మూడు మాటలుగా విడదీసుకోవచ్చు. మొదటిది, కోరికను తనకు తాను ఒప్పుకోవడం. ఒప్పుకున్నవాడు దానిని చూడగలడు, చూసినవాడు దానిని అదుపులో పెట్టుకోగలడు. దాచుకున్నవాడికి కోరిక యజమాని అవుతుంది. రెండవది, దానిని సూటిగా, మర్యాదగా అడగడం. ‘ఈ రోజు మనసు బాగాలేదు, కాసేపు కూర్చుంటావా?’ అని స్నేహితురాలిని అడగడానికి కొంత ధైర్యం కావాలి. అలిగి గోడవైపు తిరిగి పడుకోవడానికి ధైర్యం అక్కరలేదు. కాని అలక భాష ఎదుటివారికి అర్థం కావచ్చు, కాకపోవచ్చు. మూడవది, ఎదుటివారికీ అదే ఆకలి ఉన్నదని గుర్తుంచుకోవడం. తన ఆకలిని చూసి సిగ్గుపడేవాడు ఇతరుల ఆకలిని చూసి ఏవగించుకుంటాడు. తన ఆకలిని ఒప్పుకున్నవాడికి పక్క విస్తరి కూడా కనిపిస్తుంది.

మరుసటి రోజు ఆ అమ్మాయి చేసినవి చాలా చిన్న పనులు. భోజనశాలలో వడ్డించే ఆవిడను పేరు అడిగింది. ఆవిడ గరిటె ఆపి, తల ఎత్తి చెప్పింది. తరువాత “నీ పేరేంటమ్మా?” అని తానూ అడిగింది. తరగతిలో అధ్యాపకుడు ప్రశ్న వేసినప్పుడు, సమాధానం తెలిసి కూడా ఎప్పుడూ దించి ఉంచే చేతిని ఈసారి ఎత్తింది. ఆయన వేలు చూపి ‘నువ్వు చెప్పు’ అన్నప్పుడు లేచి, ముందు తన పేరు చెప్పి, ఆ తరువాత సమాధానం చెప్పింది. వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు, సమాధానం పూర్తి చేసింది. ఆ రాత్రి పక్క మంచం అమ్మాయితో సున్నుండలు పంచుకుంటూ అడిగితే తెలిసింది, ఆ పిల్ల కూడా వచ్చిన నాటి నుంచి రోజూ ముసుగు కింద ఏడుస్తున్నదని. రెండు మంచాల మధ్య దూరం మూర కన్నా ఎక్కువ లేదు. రెండు నెలలుగా ఎవరి ఏడుపు వారిదే అయింది.

ఆమె తలనొప్పి ఆ ఒక్కరోజుతో పూర్తిగా పోలేదు. తరువాత కూడా కొన్ని సాయంకాలాలు వచ్చింది. వచ్చినప్పుడు మాత్రం ఆమె తనను తాను నిలదీసుకోలేదు. పుస్తకం మూసి, వరండాలోకి వెళ్లి, ఎవరో ఒకరితో పది నిమిషాలు మాట్లాడి వచ్చేది. ఆకలి వేసినప్పుడు అన్నం తినడం వంటిదే ఇదీ అని ఆమెకు తెలిసింది.

కళాశాల చదువు ముగిసి, లోకంలోకి అడుగుపెట్టిన తరువాత కూడా ఈ ఆకలి తీరిపోయేది కాదు. ఉద్యోగికి పైఅధికారి చూపు కావాలి, రచయితకు పాఠకుడి చూపు కావాలి, వృద్ధాప్యంలో తల్లిదండ్రులకు పిల్లల చూపు కావాలి. గోడ గడియారం ఎదురుగా ఉండగానే ముసలి తండ్రి “టైమెంతయిందిరా?” అని అడుగుతాడు. ఆయనకు కావలసినది టైము కాదు. ఆ సంగతి తెలిసిన కొడుకు గడియారాన్ని చూపించి వెళ్లిపోడు, ఒక్క నిమిషం కూర్చుంటాడు.

తలంటి పోసిన తల్లి దగ్గరకు మళ్లీ వెళితే, ఆమె చేసిన పనిలోని వివేకం ఇప్పుడు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. లోకం చూపుకు జంకి ఆమె బిడ్డ ముఖాన్ని కొంగు కింద దాచలేదు. అందరి మెప్పు కోసం బిడ్డను అంగడిలో వస్తువులాగా నిలబెట్టనూ లేదు. బుగ్గన ఒక చిన్న నల్లచుక్క పెట్టి, నవ్వుతూ బిడ్డను చంకన వేసుకొని నలుగురిలోకి వెళ్లింది.